కడబంతి

శశికళ చెప్పులు గడప దగ్గర విప్పలేదు. విప్పాలన్న సంగతే తోచలేదు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉన్న ముసలివాళ్ళ ఆశ్రమం కరుణా సదనంలోకి విసవిసా నడిచి, ఆడవాళ్ళ హాల్లో కిటికీ పక్క మంచం దగ్గర ఆగిపోయింది. ఆ మంచం మీద ఆమె అత్త అనసూయమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ మంచం పట్టెలకు పాత చీర పేలికలతో కట్టేసి ఉన్నాయి. గడ్డం కింద గంజి ఎండి అట్టకట్టింది. రవిక తడిసిపోయింది.

"ఎవరు కట్టిన్రు?" అంది శశికళ.

పక్క మంచం దగ్గర దుప్పటి మారుస్తున్న నర్సు డోరా బిక్కమొహం వేసింది. "మేట్రనమ్మ చెప్పిన్రక్కా..."

"ఎవరు చెప్పిన్రని అడగలే. ఎవరు కట్టిన్రని అడుగుతున్న."

డోరా తల దించుకుంది. పాపం చిన్నపిల్ల, చెప్పింది చెయ్యకపోతే నౌకరీ పోతుంది. శశికళకు ఆ జాలి తర్వాతెప్పుడో కలిగింది గానీ అప్పుడు మాత్రం లేదు. ముడులు గోళ్ళకు లొంగకపోతే వంగి పళ్ళతో లాగింది. కట్లు ఊడాక చూస్తే అనసూయమ్మ మణికట్లు కమిలిపోయి ఉన్నాయి. ముసలామె తన చేతుల్ని తానే ఎగాదిగా చూసుకుని, చెంగు సర్దుకుని, కోడలి మొహంలోకి చూసి నవ్వింది.

"ఎండల వచ్చినవా బిడ్డా? నీళ్ళు తాగు."

పేరు గుర్తులేదు. ఎవరో గుర్తులేదు. వచ్చినవాళ్ళకు నీళ్ళియ్యాలని మాత్రం గుర్తుంది.

అలికిడి విని మేట్రన్ మాబెల్ వచ్చింది. గంజి పెట్టిన తెల్లచీర, మెళ్ళో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, గుమ్మం నిండా మనిషి. కొత్త సంవత్సరం రోజునే మెదక్ మిషన్ ఆసుపత్రి నుంచి ఇక్కడికి వచ్చింది. వచ్చీ రాగానే సదనాన్ని అద్దంలా తుడిపించింది. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

"ఆమె తింటలేదమ్మా," అంది మాబెల్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పళ్ళు బిగబట్టుకుంటది. చెంచా పెడితే చేతితోటి కొడ్తది. డాక్టరు చూసిన్రు. ఆకలే మర్చిపోయింది, జబ్బు ముదిరింది అన్నరు. కట్టకుండ, ముక్కు మూయకుండ ఎట్ల తాగించాలె? మీరే చెప్పండి."

"ముక్కు మూసి పోస్తే ఊపిరి ఆగిపోతదని డాక్టరు చెప్పలేదా?"

"తినకపోయినా ఆగిపోతది."

ఆ మాటకు శశికళకు ఇంకా ఒళ్ళు మండింది. మాబెల్ అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆదివారం సదనం సెక్రటరీ మల్లేశ్వరరావు గారు చూడటానికి వస్తున్నారు. ఆలోపు అనసూయమ్మ తన నోటితో తాను తింటే సరి. లేకపోతే చేతులు కట్టేసి ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. అదీ వద్దంటే ఇంటికి తీసుకుపోవాలి. ఇది సెక్రటరీ గారి హుకుం.

"ఆదివారం దాకా కట్టకండి," అంది శశికళ. "కట్టిన్రో, మీ గేటు ముంగట కూసుంట. నాంపల్లి మొత్తం వినేటట్టు అరుస్త."

"అరవాల్సిన పని లేదు," అంది మాబెల్. "ఆదివారం దాకా కట్టం."

*

ఇంటికి తీసుకుపోవడమంటే మాటలా! శశికళ ఆబిడ్స్‌లో ఒక బీమా ఆఫీసులో టైపిస్టు. భర్త జనార్దన్ గన్‌ఫౌండ్రీ బ్యాంకులో గుమస్తా. ఆమెను కనిపెట్టుకుని ఒకరు ఇంట్లో ఉండిపోతే, రెండోవాళ్ళ జీతంతో ఇంటికిరాయి పోను ఏం మిగులుతుంది? పోయిన వానాకాలం అనసూయమ్మ కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, దాని మీద ఏమీ పెట్టకుండా, ఒక ఖాళీ పళ్ళెం పట్టుకుని నాంపల్లి స్టేషన్‌కి నడిచివెళ్ళి బెంచీ మీద కూర్చుంది. మంట కర్టెను దాకా వచ్చింది. అదృష్టం బాగుండి పక్కింటివాళ్ళు చూశారు. తర్వాత కొన్నాళ్ళు బయట తాళం వేసిపోయారు. సాయంత్రం వచ్చి చూస్తే లోపల తలుపు బాది బాది ముసలామె చేతులు వాచిపోయి ఉండేవి. అప్పుడు సదనంలో చేర్చారు. బస్తీ జనం చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ! కొరుక్కున్నవాళ్ళలో ఒక్కరూ వచ్చి ఒక్క పూట కూర్చోలేదు.

చేర్చిన కొత్తల్లో అనసూయమ్మ బాగానే తినేది. ఇంట్లో కూడా తినేది. జనార్దన్ తిని ఆఫీసుకు పోయాక అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో పీట వేసుకుని కూర్చునేవాళ్ళు. మరి ఇప్పుడేమొచ్చింది? శశికళ తను చేసిన టమాట పప్పు డబ్బాలో పెట్టి తెచ్చినప్పుడు కూడా, ముసలామె సంతోషంగా తీసుకుని, మూత బిగించి, మంచం కింద దాచింది. కోడలు ఎప్పుడూ ఆఫీసు భోజనవేళ ఒంటిగంటకే వచ్చేది. అప్పటికి సదనంలో భోజనాలు అయిపోయి గిన్నెలు కడిగేస్తుంటారు. అసలు వడ్డన వేళ ఏం జరుగుతున్నదో ఆమె కళ్ళారా ఎన్నడూ చూడలేదు.

శనివారం ఆఫీసుకు సెలవు చెప్పి పొద్దున్నే వచ్చి మంచం పక్కన బైఠాయించింది.

పదకొండు కొట్టగానే అన్నం గిన్నె వచ్చింది. ముందు ఆడవాళ్ళ హాలుకు వడ్డించారు. అనసూయమ్మ ముందు పళ్ళెం పెట్టారు. వేడివేడి అన్నం, పప్పు, దొండకాయ కూర. ముసలామె పళ్ళెం వంక చూడలేదు. వరండా అవతల మగవాళ్ళ హాలు ఉంది. తలుపులు ఎదురుబొదురు. అక్కడ ముసలివాళ్ళు బల్ల ముందు వరసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. ఎర్నెస్ట్ తాత, ఒకప్పుడు రైల్వే గార్డు, ఖాళీ పళ్ళెం మీద చెంచాతో టంగుటంగుమని వాయిస్తున్నాడు. అనసూయమ్మ కళ్ళు వాళ్ళ మీదే ఉన్నాయి.

"వాండ్లింక తినలే," అంది.

"రోజూ ఇదే పాట అక్కా," అంది డోరా. "వాండ్లెవరమ్మా అంటే చెప్పదు."

డోరా చెంచా నోటి దగ్గర పెట్టింది. ముసలామె పళ్ళు బిగించింది. పళ్ళెం మీద చెంగు కప్పి, మంచం కిందికి తోసింది. కాసేపు చూసి ఆయా ఆ పళ్ళెం తీసుకుపోయింది. ఆ తర్వాత మగవాళ్ళకు వడ్డించారు. వాళ్ళు తిన్నారు, చేతులు కడుక్కున్నారు. అప్పుడు లేచింది అనసూయమ్మ. మంచం పట్టుకుని, గోడ పట్టుకుని, మెల్లగా వంటగది గుమ్మం దాకా వచ్చి అన్నం గిన్నెలోకి తొంగిచూసింది. గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టారు. ముసలామె ఆ నీళ్ళను చూసి, తిరిగి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

అయ్యో, ఎంత గుడ్డిదాన్ని! అనుకుంది శశికళ.

అనసూయమ్మ కాపురానికి వచ్చిననాటి నుంచీ బేగం బజార్‌లో పసుపు, మిరియాల టోకు దుకాణం ఉండేది వాళ్ళకు; శశికళ మామగారు పోయాక మూతపడింది. మధ్యాహ్నమైతే మామగారు, ఆయన తమ్ముళ్ళు, గుమస్తాలు, తూకం వేసేవాళ్ళు, పొరుగూరి బేరగాళ్ళు అంతా ఆ ఇంటికే భోజనానికి వచ్చేవారు. తొలిబంతి లేస్తే మలిబంతి. వాళ్ళందరూ లేచాక, గిన్నె అడుగున ఏముంటే అది పెట్టుకుని, ఆడవాళ్ళు కూర్చునేది కడబంతి. ఆమె జన్మంతా కడబంతిలోనే తిన్నది. ఇప్పుడు ఎదురుగా అంతమంది మగవాళ్ళు ఆకలితో కూర్చుని ఉంటే ఆమె నోట్లోకి ముద్ద పోతుందా? వాళ్ళు తిన్నాక తన బంతి కోసం వస్తోంది. వచ్చేసరికి గిన్నెలో నీళ్ళు పోసేసి ఉంటున్నారు. కోడలు తెచ్చిన పప్పు దాచింది కూడా ముందు బంతులకు వడ్డించడానికే. ఆకలి మరిచిపోవడమేమిటి, ఆ డాక్టరు మొహం!

"ఆడోళ్ళకు ముందు పెట్టుడు ఎప్పటిసంది?" అని అడిగింది డోరాని.

"మేట్రనమ్మ వచ్చినంక పెట్టిన రూలు అక్కా. అంతకుముందు మొగోళ్ళకే ముందు."

*

మాబెల్ తన గదిలో కుర్చీలో కూర్చుని అంతా వింది. వింటున్నకొద్దీ ఆమె మొహం బిగుసుకుపోయింది.

"అంటే నేను పెట్టిన రూలే ఆమెను మాడ్చిందంటరు."

"గట్లనే అంటున్న. రేపటి నుంచి మొగోళ్ళకు ముందు పెట్టండి. మా అత్తమ్మ తింటది."

"పెట్టను," అంది మాబెల్. లేచి నిలబడింది. "మా అమ్మ మెదక్‌ల పాస్టరు గారింట్ల వండేది. వచ్చిన దొరలకు, పోయిన దొరలకు వండి పెట్టి, ఆఖరుకు పొయ్యి కాడ నిలబడి గిన్నె గీకి తినేది. కూసుని తినంగ నేను చూడలే. పోయేనాటికి బొక్కల గూడు. నేను ఏ వార్డుకు పోయినా ఆడోళ్ళకే ముందు పెట్టిన. జన్మంతా మిగిలింది తిన్నోళ్ళు, ఇక్కడనన్న ముందు తిననీ. ఈ ఒక్క రూలు మారదమ్మా. మీరు ఎంత మొత్తుకున్నా మారదు."

ఇదీ చిక్కు! శశికళ కాపురానికి వచ్చిన కొత్తల్లో ఇదే మాట మీద అత్తతో పోట్లాడింది. ఆఫీసు నుంచి ఆకలేసి వచ్చి, భర్త పక్కనే పళ్ళెం పెట్టుకుంటే, ఆ ఇంట్లో రెండు రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఆఖరికి శశికళే తగ్గింది. మాబెల్ చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా ఆమె కాదనలేదు. ఆ మేట్రన్‌ను కౌగిలించుకోవాలనిపించింది. అదే క్షణంలో ఆ గంజి చీర పట్టుకుని కుదపాలనీ అనిపించింది.

"మీ రూలు బంగారం లాంటిది," అంది చివరికి. "మా అత్తమ్మకు తెలివి ఉన్నప్పుడు మీరొచ్చి చెప్పుంటే నేనే దండ వేసేదాన్ని. ఇప్పుడు ఆమెకు కొడుకు పేరు తెల్వదు. రూలు ఎట్ల తెలుస్తది? చేతులు కట్టేసి, ముక్కు మూసి, ముందు నువ్వే తినాలె అంటే అది మర్యాద ఎట్లయితదమ్మా?"

"డాక్టరు చెప్పింది వేరే," అంది మాబెల్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. కానీ ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది.

సాయంత్రం ఇంట్లో జనార్దన్ సంగతంతా విని నీళ్ళు నమిలాడు. "పెద్దోళ్ళతోటి కొట్లాట ఎందుకు శశీ? డాక్టరు కన్న మనకు ఎక్కువ తెలుసా?"

"డాక్టరు సంగతి ఇడిసిపెట్టున్రి. మీకు తెల్వదా? అత్తమ్మ ఎప్పుడు తినేదో మీరు జర యాది చేసుకోన్రి."

జనార్దన్ చాలాసేపు ఆలోచించాడు. పాపం, నిజాయితీగానే ఆలోచించాడు.

"అమ్మ తినంగ నేనెప్పుడు చూసిన శశీ?" అన్నాడు.

*

ఆదివారం మల్లేశ్వరరావు గారు సరిగ్గా వడ్డన వేళకు వచ్చారు. రిటైరైన పెద్ద అధికారి, రాష్ట్ర రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు హైదరాబాదు చేరినవాడు. చెడ్డవాడేం కాదు. సదనానికి చందాలు తెచ్చేది ఆయనే. అయితే మనిషి చెప్పేది వినడం కన్నా ముందు తను చెప్పడం ఆయనకు అలవాటు.

మాబెల్ తనే స్వయంగా పళ్ళెం పట్టుకుని అనసూయమ్మ ముందు కూర్చుంది. "తిను అమ్మా. ఒక్క ముద్ద. నా మాట విను." ఆ గొంతులో బతిమాలడం శశికళకు వినిపించింది. ముసలామె వరండా అవతలికి చూసి నోరు బిగించుకుంది.

"ఇంకెంతసేపండీ ఈ ముచ్చట?" అన్నారు మల్లేశ్వరరావు గారు. "డోరా, కట్లు తీసుకురా. గొట్టం సిద్ధం చెయ్యండి. రేపేదన్నా అయితే మాట పడేది నేను."

డోరా పేలికలు తెచ్చింది. శశికళ ఇక ఆగలేదు. ఎవర్నీ అడగలేదు. నేరుగా వెళ్ళి ఆయా చేతిలోని గరిటె లాక్కుని, అత్తను రెక్క పట్టుకుని లేపి, ఆ గరిటె చేతిలో పెట్టింది.

"అత్తమ్మా, బంతి కూసున్నది. వడ్డిద్దాం పా."

అంతే! ఆ వంగిన నడుం నిటారైంది. గోడ పట్టుకోలేదు, మంచం పట్టుకోలేదు. చెంగు నడుముకు చుట్టి బిగించి, వరండా దాటి మగవాళ్ళ హాల్లోకి నడిచింది అనసూయమ్మ. శశికళ అన్నం గిన్నె పట్టుకుని పక్కన నడిచింది.

"ఏమిటండీ ఈ అన్యాయం! పేషెంటు చేతికి గరిటెనా? మగవాళ్ళ వార్డులోకా? మేట్రన్ గారూ, మీరు చూస్తూ ఊరుకున్నారేం?" అన్నారు మల్లేశ్వరరావు గారు.

మాబెల్ పళ్ళెం పట్టుకుని అలాగే కూర్చుని ఉంది. వరండా అవతల ముసలామె ఒక్కొక్కరి ముందూ వంగి అన్నం పెడుతోంది. ఒక్క మెతుకు బల్ల మీద పడలేదు. ఎర్నెస్ట్ తాత పళ్ళెం వాయించడం ఆపేసి "చాలమ్మా, చాలు" అంటున్నాడు.

"చాలేంది? పనిచేసేటోనివి. తిను," అని ఇంకో గరిటె వేసింది అనసూయమ్మ.

మాబెల్ లేచింది. "డోరా, ఆ గుడ్డలు అవతల పెట్టు," అంది.

మల్లేశ్వరరావు గారు విసురుగా వెళ్ళి అనసూయమ్మకు అడ్డంగా నిలబడ్డారు. ఆమె ఆయన్ని నఖశిఖపర్యంతం చూసింది. మంచి పంచె, భుజం మీద కండువా. పొరుగూరి బేరగాడే అనుకుందో, మరెవరనుకుందో!

"నిలబడి ఏం చూస్తున్నవయ్యా? బంతి సాగుతున్నది. కూసో."

"నేను... నాకు భోజనం ఇంట్లో..."

"మా ఇంటికొచ్చి తినకుంట పోతవా? కూసో అంటున్న!"

"అమ్మా, ఈవిణ్ణి తీసుకెళ్ళండి," అన్నారాయన శశికళతో.

శశికళ గిన్నె బల్ల మీద పెట్టింది. కొంగుతో చెమట తుడుచుకుంది. "సెక్రటరీ సాబ్, ఇంటిమీదికి వచ్చినోళ్ళు ఆకలితోటి ఉంటే మా అత్తమ్మ ముద్ద ముట్టదు. అదే ఆమె జబ్బు. మీరు కూసుని తింటే ఆమె తింటది. మీరు లేచిపోతే ఆమె చేతులు కట్టాలె. కట్టుడైతే నా ముంగట, మీ చేతులతోటి మీరే కట్టాలె. డోరా కట్టదు, మేట్రనమ్మ కట్టదు. ఇగ మీ ఇష్టం."

ఆయన మాబెల్ వంక చూశారు. మాబెల్ కిటికీ వంక చూసింది. నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానం నుంచి మైకులో ఎవరిదో సామాను పోయిందని చెప్తున్నారు. మల్లేశ్వరరావు గారు ఎర్రబడ్డ మొహంతో, కండువా సర్దుకుని, ఎర్నెస్ట్ తాత పక్కన బల్ల ముందు కూర్చున్నారు.

తిన్నారు. పప్పు రెండోసారి కూడా వేయించుకున్నారు. వేయించుకోక చస్తారా, పక్కన గరిటె పట్టుకుని నిలబడింది ఎవరు!

మగవాళ్ళు లేచారు. అనసూయమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. ఈసారి అన్నం ఉంది. నేల మీద చతికిలబడి, కోడల్ని కూర్చోమంది, డోరాను కూర్చోమంది. తలెత్తి మాబెల్‌ను చూసింది.

"నువ్వు తినలే."

"నేను తర్వాత తింట అమ్మా. నేనెప్పుడూ అందరైనంకనే..." అని మాబెల్ ఆగిపోయింది. అన్న మాట తనకే వినపడ్డట్టుంది. ఏ వార్డులో చూసినా ఆడవాళ్ళకు ముందు పెట్టిన మనిషి, తను మాత్రం అందరూ తిన్నాకే, గదిలో ఒంటరిగా, చల్లారింది తింటూ వచ్చింది.

గంజి చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా మాబెల్ నేల మీద కూర్చుంది. అనసూయమ్మ ఆమెకు వడ్డించింది. చివరికి తన పళ్ళెంలో పెట్టుకుని, కలుపుకుని, నోట్లో ముద్ద పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముద్ద కలిపింది. కమిలిన మణికట్టుతో ఆ చెయ్యి నోటికి పోతుంటే శశికళ ఏడ్చింది. దాచుకోలేదు.

"మీ రూలు మారదన్నరు," అంది ముక్కు చీదుతూ.

"మారదు," అంది మాబెల్. "ఆడోళ్ళ హాల్ల ముందే పెడ్త. ఈమెకు మాత్రం గంటె ఇస్త. నా వార్డుల ఇగ ఎవరి చేతులు కట్టను. సెక్రటరీ గారూ, వింటున్నరా? వద్దంటే వేరే మేట్రన్‌ను చూసుకోండి."

చేతులు కడుక్కుంటున్న మల్లేశ్వరరావు గారు వినపడనట్టే నటించారు. కాదని మాత్రం అనలేదు.

*

ఆ సాయంత్రం ఇంట్లో జనార్దన్ కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అమ్మ తిన్నదని విని వాడిన మొహం విప్పారింది. "బతికించినవ్ శశీ," అన్నాడు.

శశికళ అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. మధ్యాహ్నం నుంచీ ఆమెను ఒకటే మాట తొలుస్తోంది. కన్నకొడుకు పేరు పోయింది. ఇంటి దారి పోయింది. మొగుడు చచ్చిపోయిన సంగతి కూడా పోయింది. అన్నీ పోయినా, అందరూ తిన్నాక మిగిలింది తినాలన్న ఆ ఒక్కటి మాత్రం ఎముకల్లో ఉండిపోయింది. ఎవరు నూరిపోశారమ్మా నీకంత గట్టిగా!

శశికళ తన పళ్ళెం తెచ్చుకుని జనార్దన్ ఎదురుగా కూర్చుంది. గరిటె తీసుకుని, ముందు తన పళ్ళెంలో అన్నం పెట్టుకుంది. పప్పు వేసుకుంది. నెయ్యి వేసుకుంది. మొదటి ముద్ద తను తిన్నది. ఖాళీ పళ్ళెంతో కూర్చున్న జనార్దన్ తెల్లబోయి చూశాడు.

"ఏంది శశీ, గిట్ల?"

"నేర్చుకుంటున్న," అంది శశికళ, రెండో ముద్ద కలుపుతూ. "రేపు నాకూ మతి పోతే, ఈ చెయ్యికి గిది యాదుండాలె. గంటె గాడున్నది. పెట్టుకోన్రి."